పీహెచ్ 9 బఫర్‌లో మెగ్నీషియం హైడ్రాక్సైడ్: 0.18 ఎలా వస్తుంది?

నీలి_లిట్మస్

అందరికీ నమస్తే. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అయానిక సమతాస్థితి చాప్టర్‌లో ఒక లెక్క అస్సలు మింగుడు పడటం లేదు.

ప్రశ్న: పీహెచ్ 9 ఉన్న బఫర్ (కొద్దిగా ఆమ్లమో క్షారమో కలిపినా పీహెచ్ పెద్దగా మారని) ద్రావణంలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ద్రావణీయత ఎంత? కేఎస్‌పీ (ద్రావణీయతా లబ్ధం, అంటే సంతృప్త ద్రావణంలో అయాన్ల గాఢతల లబ్ధం) 1.8 × 10⁻¹¹.

వెనక ఇచ్చిన జవాబు 0.18 మోలార్. నేను ద్రావణీయతను ‘ఎస్’ అనుకుని, హైడ్రాక్సైడ్ గాఢత 10⁻⁵ + 2ఎస్ అని రాశాను. ఎస్ × (10⁻⁵ + 2ఎస్)² = 1.8 × 10⁻¹¹ సాధిస్తే 1.6 × 10⁻⁴ వస్తోంది. నా ఫ్రెండ్ ఆ 2ఎస్ వదిలేసి ఉత్త 10⁻⁵ పెట్టింది. తనకి 0.18 వచ్చేసింది. రెండు జవాబుల మధ్య వెయ్యి రెట్లకు పైనే తేడా!

ఇంకో డౌట్. శుద్ధమైన నీటిలో దీని ద్రావణీయత 1.65 × 10⁻⁴. బఫర్‌లో ముందే హైడ్రాక్సైడ్ అయాన్లు ఉన్నాయి కదా, ఉమ్మడి అయాన్ ప్రభావంతో ఇంకా తగ్గాలి. 0.18కి పెరగడమేంటి? దగ్గర్లో పరీక్షలున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బ్యూరెట్

రెండో డౌట్‌తో మొదలుపెడదామమ్మా, అది తీరితే మొదటిది దానంతట అదే తీరుతుంది.

శుద్ధమైన నీటిలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వేసి సంతృప్తం అయ్యేదాకా కలిపారనుకోండి. 1.65 × 10⁻⁴ మోలార్ కరిగితే హైడ్రాక్సైడ్ 3.3 × 10⁻⁴ అవుతుంది. అంటే ఆ నీటి పీహెచ్ 10.5 దాకా పోతుంది. ఇప్పుడు మీ బఫర్ పీహెచ్ ఎంత? 9. అది సంతృప్త ద్రావణం కంటే ఆమ్లం వైపే ఉంది. కరుగుతున్న ఘనపదార్థం వదిలే హైడ్రాక్సైడ్‌ని ఈ బఫర్ మింగేస్తుంది. హైడ్రాక్సైడ్ పోతున్న కొద్దీ సమతాస్థితి కుడివైపుకు జరుగుతుంది, ఇంకొంత కరుగుతుంది. బఫర్ పీహెచ్ 10.5 కంటే ఎక్కువైతేనే మీరన్నట్టు ద్రావణీయత తగ్గుతుంది. పీహెచ్ 12 దగ్గర లెక్క వేసి చూడండి, 1.8 × 10⁻⁷ వస్తుంది.

ఇక మొదటి డౌట్. 10⁻⁵ + 2ఎస్ అని రాయాలంటే ఆ 10⁻⁵ ఏదో బలమైన క్షారం నుంచి వచ్చి, అక్కడ కదలకుండా ఉండాలి. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం అయితే మీ సమీకరణం సరిగ్గా సరిపోయేది. బఫర్‌లో మాత్రం కొత్తగా వచ్చిన 2ఎస్ స్వేచ్ఛగా మిగలదు, బలహీన ఆమ్లంతో చర్య జరిపి ఖర్చయిపోతుంది. కాబట్టి హైడ్రాక్సైడ్ 10⁻⁵ దగ్గరే ఉందని తీసుకుని, 1.8 × 10⁻¹¹ ని 10⁻¹⁰ తో భాగిస్తారు. 0.18.

పరీక్షలో ఇదే రాయండి.

అవక్షేపం

బ్యూరెట్ గారూ, వివరణ బాగుంది. ఆ చివరి వాక్యం దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. 0.18 అనే జవాబు మామూలు బఫర్‌లో రాదు, రాలేదు కూడా.

చూడండి. లీటరుకు 0.18 మోల్ కరిగితే 0.36 మోల్ హైడ్రాక్సైడ్ బయటికొస్తుంది. దాన్నంతా మింగాలంటే బఫర్‌లో కనీసం 0.36 మోల్ బలహీన ఆమ్లం ఉండాలి. మింగాక కూడా పీహెచ్ కదలకూడదంటే దానికి ఎన్నో రెట్లు ఉండాలి. మనం ల్యాబ్‌లో కలిపే బఫర్లు 0.1, 0.2 మోలార్ స్థాయివి. ప్రశ్నలో బఫర్ గాఢతే ఇవ్వలేదు! ‘బఫర్ పీహెచ్ మారదు’ అనే మాటని పిల్లలు అక్షరాలా నమ్మేది ఇలాంటి లెక్కల వల్లే.

నీలి_లిట్మస్

అంటే అసలు జవాబు ఎంత? ఇప్పుడు మూడో జవాబు ఉందా 😟

అవక్షేపం

కంగారు పడకండి. బఫర్ ఏంటో చెప్తే జవాబు వస్తుంది. నేనే ఒకటి తీసుకుంటాను.

అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ బఫర్. రెండూ కలిపి 0.2 మోలార్. అమ్మోనియం పీకేఏ (ఆమ్లం బలాన్ని చెప్పే అంకె, తక్కువైతే ఆమ్లం బలమైనదని) 9.25 కాబట్టి పీహెచ్ 9 రావాలంటే అమ్మోనియాకి అమ్మోనియం అయాన్‌కి నిష్పత్తి 0.56 ఉండాలి. అంటే అమ్మోనియా 0.072, అమ్మోనియం 0.128 మోలార్.

ఇందులో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొడి అడుగున మిగిలేంత వేశాం. ఎస్ మోల్ కరిగితే 2ఎస్ హైడ్రాక్సైడ్ వస్తుంది, అది 2ఎస్ అమ్మోనియం అయాన్లను అమ్మోనియాగా మారుస్తుంది. కాబట్టి చివర్లో అమ్మోనియా 0.072 + 2ఎస్, అమ్మోనియం 0.128 − 2ఎస్. హైడ్రాక్సైడ్ గాఢత వీటి నిష్పత్తిని అమ్మోనియా క్షార స్థిరాంకం 1.8 × 10⁻⁵ తో గుణిస్తే వచ్చేది. దాని వర్గం × ఎస్ = 1.8 × 10⁻¹¹.

క్యూబిక్ సమీకరణం కదా అని భయపడొద్దు, ఊహించి సరిచూసుకుంటూ పోతే చాలు. ఎస్ 0.03 పెడితే లబ్ధం 3.7 × 10⁻¹¹, ఎక్కువైంది. 0.025 పెడితే 2.0 × 10⁻¹¹, ఇంకాస్త ఎక్కువ. 0.024 పెడితే 1.75 × 10⁻¹¹. అంతే, ద్రావణీయత 0.024 మోలార్. పీహెచ్ కూడా 9.00 నుంచి 9.43కి జరిగింది.

0.18 ఎక్కడ, 0.024 ఎక్కడ! ఈ బఫర్‌లో ఉన్న అమ్మోనియం మొత్తం అయిపోయినా 0.064 మోల్ కంటే ఎక్కువ కరిగించలేదు. ఈ ఒక్క లెక్క చాలు, 0.18 కుదరదని తెలియడానికి.

బ్యూరెట్

అవక్షేపం గారి లెక్క సరైనదే. నేను చెప్పదలచుకున్నది ఏంటంటే, ప్రశ్న పత్రంలో ‘పీహెచ్ 9 బఫర్’ అని ఇచ్చి గాఢత ఇవ్వకపోతే పీహెచ్ స్థిరంగా ఉందని అనుకోమని అర్థం. పీహెచ్ పెరిగినప్పుడల్లా మీటర్ చూస్తూ కొంచెం కొంచెం ఆమ్లం చుక్కలుగా వేసి 9 దగ్గర నిలబెడితే నిజంగానే ఆ స్థాయిలో కరుగుతుంది. ఆ పని యంత్రం చేత చేయించే పద్ధతి ఉంది, పీహెచ్‌స్టాట్ అంటారు. విద్యార్థి జవాబు పత్రంలో ‘బఫర్ సామర్థ్యం సరిపోతుందని భావిస్తే’ అని ఒక్క లైను రాస్తే దిద్దేవాళ్లకీ సంతోషం.

అవక్షేపం

ఆ ఒక్క లైనుకి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇంకో మాట కూడా. 0.18 మోలార్ మెగ్నీషియం లవణం ఉన్న ద్రావణంలో అయాన్లు కిక్కిరిసి ఉంటాయి. అక్కడ గాఢతకీ క్రియాశీలతకీ (అయాన్లు నిజంగా చూపే ప్రభావానికి సరిపడే గాఢతకీ) చాలా తేడా వస్తుంది, రెండు ఆవేశాలున్న మెగ్నీషియం అయాన్‌కి మరీను. కేఎస్‌పీలో పెట్టాల్సింది నిజానికి క్రియాశీలతలు. అందుకని 0.18 అనేదాన్ని ‘బాగా కరుగుతుంది’ అని చదువుకోవాలి, రెండు దశాంశాల ఖచ్చితత్వం దానికి లేదు.

మోల్_లెక్క

ఈ చర్చ చూస్తుంటే సాల్ట్ అనాలిసిస్ (లవణంలో ఏ అయాన్లున్నాయో కనిపెట్టే ప్రాక్టికల్) గుర్తొస్తోంది. ఐరన్, అల్యూమినియం, క్రోమియం ఉండే మూడో గ్రూపులో ముందు అమ్మోనియం క్లోరైడ్ వేసి, ఆ తర్వాత అమ్మోనియం హైడ్రాక్సైడ్ వేయమంటారు కదా. ఆ వరస ఎందుకో చాలామంది అడగరు, బట్టీ పట్టేస్తారు. అక్కడ జరిగేది సరిగ్గా ఇదే.

0.01 మోలార్ మెగ్నీషియం, 0.01 మోలార్ ఐరన్ మూడు ఆవేశాల అయాన్ ఉన్న ద్రావణం తీసుకుందాం. ఉత్త అమ్మోనియా 0.1 మోలార్ ఉండేలా వేస్తే హైడ్రాక్సైడ్ 1.3 × 10⁻³ అవుతుంది. మెగ్నీషియంకి అయాన్ లబ్ధం 1.8 × 10⁻⁸, కేఎస్‌పీకి వెయ్యి రెట్లు. ఐరన్‌తో పాటు మెగ్నీషియం కూడా దిగిపోతుంది, గ్రూపు కలగాపులగం అయిపోతుంది.

అదే అమ్మోనియం క్లోరైడ్ కూడా 0.1 మోలార్ ఉంటే హైడ్రాక్సైడ్ 1.8 × 10⁻⁵కి పడిపోతుంది. మెగ్నీషియం లబ్ధం 3.2 × 10⁻¹², కేఎస్‌పీ కంటే తక్కువ, ద్రావణంలోనే ఉండిపోతుంది. ఐరన్‌కి లబ్ధం 5.8 × 10⁻¹⁷. దాని కేఎస్‌పీ 10⁻³⁸ స్థాయిది కాబట్టి ఒక్క అయాన్ కూడా మిగలదన్నంతగా తుప్పు రంగులో దిగుతుంది. అల్యూమినియం తెల్లటి జిగురులా, క్రోమియం ఆకుపచ్చగా వస్తాయి.

మూడో గ్రూపుకి ముందు రెండు చుక్కల నైట్రిక్ ఆమ్లం వేసి మరిగించమనేది కూడా ఇందుకే. రెండో గ్రూపులో పంపిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఐరన్‌ని రెండు ఆవేశాల రూపంలోకి దించేస్తుంది. ఆ రూపం హైడ్రాక్సైడ్‌కి కేఎస్‌పీ ఎంతో పెద్దది, ఈ బఫర్‌లో పూర్తిగా దిగదు. మళ్లీ మూడుకి ఎక్కించాలి.

నీలి_లిట్మస్

అయ్యో, ఇదే ప్రాక్టికల్స్‌లో చేశాం! అమ్మోనియా వాసన వచ్చేదాకా వేయండి అన్నారు, వేశాం. అది బఫర్ అని ఎవరూ అనలేదు.

పరమాణువు

నాకో సందేహం. హెండర్సన్ సమీకరణం ఎప్పుడైనా వాడొచ్చా? మా ట్యూషన్‌లో బఫర్ అని కనపడగానే పీహెచ్ = పీకేఏ + లాగ్ (లవణం ÷ ఆమ్లం) అని పెట్టేయమంటారు.

బ్యూరెట్

చాలాసార్లు సరిపోతుంది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం, 0.1 మోలార్ సోడియం ఎసిటేట్ తీసుకోండి. పీహెచ్ 4.74. లీటరుకి 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే ఎసిటేట్ 0.09, ఆమ్లం 0.11 అవుతాయి, పీహెచ్ 4.65. అదే ఆమ్లాన్ని ఉత్త నీళ్లలో వేస్తే 7 నుంచి 2కి పడుతుంది.

సమీకరణంలో దాగున్న షరతు ఒకటుంది: మనం కలిపిన ఆమ్లం, లవణం గాఢతలు సమతాస్థితిలోనూ దాదాపు అంతే ఉంటాయని. ఆమ్లం కాస్త బలమైనదై, ద్రావణం పలచనైతే ఆ షరతు తప్పుతుంది. మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లం పీకేఏ 2.87. అది 0.001, దాని సోడియం లవణం 0.001 మోలార్ తీసుకుంటే సమీకరణం 2.87 అంటుంది. కానీ 2.87 అంటే హైడ్రోజన్ అయాన్ 0.00135. మనం వేసిన ఆమ్లమే 0.001! అంత రావడానికి వీల్లేదు. వర్గ సమీకరణం సాధిస్తే హైడ్రోజన్ అయాన్ 4.8 × 10⁻⁴, పీహెచ్ 3.32.

కాబట్టి జవాబు వచ్చాక హైడ్రోజన్ అయాన్ గాఢతని (క్షారం వైపైతే హైడ్రాక్సైడ్‌ని) కలిపిన గాఢతలతో పోల్చి చూసుకోండి. ఇరవయ్యో వంతు కంటే తక్కువైతే నిశ్చింతగా ఉండొచ్చు.

హెండర్సన్ 1908లో దీన్ని లాగ్ లేకుండానే రాశారు. పీహెచ్ కొలమానాన్ని సోరెన్‌సన్ 1909లో తెచ్చాక, 1916లో హాసెల్‌బాల్క్ రక్తం మీద పనిచేస్తూ లాగ్ రూపంలోకి మార్చారు. ఇద్దరి ఆసక్తీ రక్తంలోని కార్బోనిక్ ఆమ్లం మీదే.

పరమాణువు

రక్తం అన్నారు కాబట్టి అడుగుతున్నా. కార్బోనిక్ ఆమ్లం బఫర్ పీకేఏ 6.1, రక్తం పీహెచ్ 7.4. పీకేఏకి అటూ ఇటూ ఒకటి దాటితే బఫర్ పనిచేయదని చదివాం. మరి రక్తంలో ఎలా పనిచేస్తోంది?

అవక్షేపం

చాలా మంచి ప్రశ్న. ఇది లెక్కతోనే చూడాలి.

రక్తంలో బైకార్బొనేట్ లీటరుకి 24 మిల్లీమోల్, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2 మిల్లీమోల్. నిష్పత్తి 20, లాగ్ 1.3, పీహెచ్ 7.4. ఇప్పుడు 10 మిల్లీమోల్ ఆమ్లం వచ్చిపడింది అనుకుందాం. మూత పెట్టిన సీసాలో అయితే బైకార్బొనేట్ 14కి తగ్గుతుంది, పుట్టిన కార్బన్ డయాక్సైడ్ అక్కడే ఉండి 11.2 అవుతుంది. పీహెచ్ 6.2. మనిషి బతకడు.

శరీరం మూసిన సీసా కాదు కదా. ఎక్కువైన కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల దారిన బయటికి పోతుంది. 1.2 దగ్గరే నిలిస్తే నిష్పత్తి 14 ÷ 1.2, పీహెచ్ 7.17. ఊపిరి ఇంకా వేగంగా తీస్తే 1.2 కంటే కిందికి దిగి పీహెచ్ ఇంకొంచెం కోలుకుంటుంది. హిమోగ్లోబిన్, ఇతర ప్రోటీన్లు మింగే వాటా నేను లెక్కలోకి తీసుకోలేదు, అది కలిపితే మరింత మెరుగు.

పీకేఏకి అటూ ఇటూ ఒకటి అనే నియమం మూసిన పాత్రకి వర్తించేది. ఒక భాగస్వామి బయటికి వెళ్లే దారి ఉన్నప్పుడు దాన్ని అలాగే వాడకూడదు.

ల్యాబ్_కోటు

ఆలస్యంగా వచ్చాను. నేను ల్యాబ్‌లో రోజూ బఫర్లు కలిపేదాన్ని. పుస్తకంలో బఫర్ ఒక చాప్టర్, ద్రావణీయత ఇంకో చాప్టర్. బల్ల మీద మాత్రం రెండూ ఒకే సీసాలో ఉంటాయి. అందుకే ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను.

మొదటిది, లోహ అయాన్లను గట్టిగా పట్టుకునే ఈడీటీఏ స్టాక్. 0.5 మోలార్ చేయాలని డైసోడియం లవణం నీళ్లలో వేస్తే తెల్లటి పొడి అడుగున కూర్చుంటుంది. మాగ్నెటిక్ స్టిర్రర్ మీద ఎంతసేపు తిప్పినా పాలలా మసగ్గానే ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు ఒక్కొక్కటే వేస్తూ పీహెచ్ మీటర్ చూస్తుంటే, 8 దగ్గరికి వచ్చేసరికి తేటపడిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లు పొడి పాడైందేమో అనుకుని పారబోయబోతారు. ప్రోటాన్లు పోయి ఆవేశం పెరిగిన రూపమే నీళ్లలో అంత బాగా కరుగుతుంది.

రెండోది, ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం క్లోరైడ్ కలపడం. పీహెచ్ 7.4 దగ్గర కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. గాఢమైన స్టాక్ నుంచి ఒక్కసారి పోశారా, పడ్డ చోటే తెల్లటి తెరలు కనిపిస్తాయి. కాల్షియం ఫాస్ఫేట్ దిగిపోతోందన్నమాట. ఆ తర్వాత అందులో ఎంత కాల్షియం మిగిలిందో, ఎంత ఫాస్ఫేట్ మిగిలిందో చెప్పడం కష్టం. ప్రయోగానికి కాల్షియం, మెగ్నీషియం కావాలంటే హెపెస్ లాంటి బఫర్‌కి మారడం మేలు. నార్మన్ గుడ్, ఆయన సహచరులు 1966లో ప్రచురించిన బఫర్లలో హెపెస్ ఒకటి. లోహ అయాన్లతో తక్కువగా కలవాలి అనేది వాళ్లు పెట్టుకున్న షరతుల్లో ఉంది.

మూడోది ట్రిస్ అనే బఫర్. దాని పీకేఏ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 8.1. ఒక్కో డిగ్రీ పెరిగితే 0.028 తగ్గుతుంది. గదిలో 8.1 పెట్టి కోల్డ్ రూమ్‌లో 4 డిగ్రీల దగ్గర వాడితే అది దాదాపు 8.7 అయ్యుంటుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర వాడతారో ఆ ఉష్ణోగ్రత దగ్గరే సరిచేయాలి.

మోల్_లెక్క

ల్యాబ్_కోటు గారూ, ఇది నిజంగా పనికొచ్చే సమాచారం. నీళ్ల కాఠిన్యం టైట్రేషన్ కూడా ఈ కోవలోదే కదా?

ల్యాబ్_కోటు

అవునండీ. కాల్షియం, మెగ్నీషియం మొత్తం కావాలంటే అమ్మోనియా బఫర్‌తో పీహెచ్ 10 దగ్గర ఈడీటీఏతో టైట్రేట్ చేస్తాం. కాల్షియం ఒక్కటే కావాలంటే సోడియం హైడ్రాక్సైడ్‌తో 12 దాటిస్తాం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా దిగి పక్కకి తప్పుకుంటుంది. పైన బ్యూరెట్ గారు చెప్పిన 1.8 × 10⁻⁷ ఇక్కడ పనికొచ్చింది చూడండి. పీహెచ్ 10 దగ్గర అదే లెక్క వేస్తే 1.8 × 10⁻³ మోలార్ దాకా మెగ్నీషియం ద్రావణంలోనే ఉంటుంది, మామూలు శాంపిల్‌కి అది చాలు. రెండు రీడింగుల తేడా మెగ్నీషియం.

పరమాణువు

కేఎస్‌పీ తక్కువ ఉన్నది ముందు దిగుతుంది అని గుర్తుపెట్టుకుంటే చాలా?

మోల్_లెక్క

చాలదు. ఒకే రకం ఫార్ములా ఉన్నవాటిని పోల్చడానికి మాత్రమే పనికొస్తుంది. సిల్వర్ క్లోరైడ్ కేఎస్‌పీ 1.8 × 10⁻¹⁰, సిల్వర్ క్రోమేట్‌ది 1.1 × 10⁻¹². క్రోమేట్‌దే చిన్నది. ద్రావణీయత లెక్కగడితే క్లోరైడ్ 1.3 × 10⁻⁵, క్రోమేట్ 6.5 × 10⁻⁵ మోలార్. క్రోమేటే అయిదు రెట్లు ఎక్కువ కరుగుతుంది. దాని అణువుకి రెండు సిల్వర్ అయాన్లు కాబట్టి కేఎస్‌పీలో వర్గం వస్తుంది.

క్రోమేట్‌ని సూచికగా పెట్టి సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్‌ని కొలిచే మోర్ టైట్రేషన్ నిలబడిందే ఈ తేడా మీద. క్లోరైడ్ దాదాపు అంతా తెల్లగా దిగిపోయాకే ఎర్రటి సిల్వర్ క్రోమేట్ కనిపిస్తుంది. అక్కడా పీహెచ్ పట్టింపు ఉంది, సుమారు 6.5 నుంచి 9 లోపల ఉంచాలి. ఆమ్లంలో క్రోమేట్ కాస్తా హైడ్రోజన్ క్రోమేట్, డైక్రోమేట్‌గా మారిపోయి ఎర్ర రంగు ఆలస్యం చేస్తుంది. క్షారం మరీ ఎక్కువైతే సిల్వర్ ఆక్సైడ్ దిగుతుంది. ఆమ్లంగా ఉన్న శాంపిల్‌లో చిటికెడు సోడియం బైకార్బొనేట్ వేయమనేది అందుకే.

అవక్షేపం

సిల్వర్ క్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి ఉమ్మడి అయాన్ గురించి ఒకటి. 0.1 మోలార్ సోడియం క్లోరైడ్‌లో ద్రావణీయత 1.8 × 10⁻⁹ అని అన్ని గైడ్లలోనూ ఉంటుంది. స్వేచ్ఛగా ఉన్న సిల్వర్ అయాన్ అంతే, నిజం. కానీ క్లోరైడ్ ఎక్కువైన చోట సిల్వర్, రెండు క్లోరైడ్లు కలిసిన సంక్లిష్ట అయాన్ ఏర్పడుతుంది. దాన్ని కూడా కలుపుకుంటే మొత్తం కరిగిన సిల్వర్ 10⁻⁶ స్థాయిలో ఉంటుంది, వెయ్యి రెట్లకు పైనే. క్లోరైడ్ 10⁻³ మోలార్ స్థాయిలో, రెండు మూడు మిల్లీమోలార్ దగ్గర, ద్రావణీయత అట్టడుగుకు చేరి, ఆ తర్వాత మళ్లీ పెరుగుతుంది. అవక్షేపం పూర్తిగా దిగాలని క్లోరైడ్ గుమ్మరిస్తే పని చెడుతుంది.

బ్యూరెట్

పిల్లలకి నేను తప్పకుండా చెప్పే ఉదాహరణ బేరియం. బేరియం అయాన్ విషం. అయినా పేగుల ఎక్స్‌రేకి బేరియం సల్ఫేట్ తాగిస్తారు. కేఎస్‌పీ 1.1 × 10⁻¹⁰, అంటే లీటరు నీటిలో రెండున్నర మిల్లీగ్రాములు కూడా కరగదు. బేరియం కార్బొనేట్ కూడా నీళ్లలో అంతంతమాత్రంగానే కరుగుతుంది, కేఎస్‌పీ 10⁻⁹ స్థాయి. రెండూ తెల్లటి పొడులే. అయితే కార్బొనేట్‌ని ఎలుకల మందుగా వాడారు.

తేడా అంతా కడుపులోని ఆమ్లంతో వస్తుంది. కార్బొనేట్ గట్టి క్షారం. హైడ్రోజన్ అయాన్‌ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది, దాంతో ఘనపదార్థం కరిగిపోతూనే ఉంటుంది. సల్ఫేట్ చాలా బలహీనమైన క్షారం, హైడ్రోజన్ సల్ఫేట్ పీకేఏ సుమారు 2. కడుపులోని ఆమ్లం దాన్ని పెద్దగా కదిలించలేదు. లవణంలోని రుణ అయాన్ ఏ ఆమ్లం నుంచి వచ్చిందో, ఆ ఆమ్లం బలమెంతో చూస్తే అది పీహెచ్‌కి లొంగుతుందా లేదా చెప్పేయొచ్చు. సిల్వర్ క్లోరైడ్ నైట్రిక్ ఆమ్లంలో కరగకపోవడం, సిల్వర్ కార్బొనేట్ కరగడం అదే కారణం. పంటి ఎనామెల్ పీహెచ్ సుమారు 5.5 కిందికి పోతే కరగడం మొదలవుతుంది. అందులోని ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ రెండూ హైడ్రోజన్ అయాన్‌ని పట్టుకునేవే.

నీలి_లిట్మస్

ఇవన్నీ చదివాక నేనే ఒక లెక్క పెట్టుకుని చేశాను, సరిచూస్తారా?

పీహెచ్ 2 దగ్గర కాల్షియం ఫ్లోరైడ్. కేఎస్‌పీ 3.9 × 10⁻¹¹, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కేఏ (ఆమ్ల స్థిరాంకం) 6.8 × 10⁻⁴. కరిగిన ఫ్లోరైడ్‌లో స్వేచ్ఛగా ఉండే వాటా = కేఏ ÷ (కేఏ + హైడ్రోజన్ అయాన్) = 0.064. మిగతాది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా ఉంటుంది. ఎస్ × (2ఎస్ × 0.064)² = 3.9 × 10⁻¹¹. ఎస్ = 1.34 × 10⁻³. శుద్ధమైన నీటిలో 2.1 × 10⁻⁴ కాబట్టి ఆరు రెట్లు పెరిగింది.

అవక్షేపం గారు చెప్పినట్టు బఫర్ తట్టుకుంటుందా అని కూడా చూశాను. కరిగిన ఫ్లోరైడ్ 2.7 × 10⁻³, అందులో 94 శాతం హైడ్రోజన్ అయాన్‌ని పట్టుకుంటే 2.5 × 10⁻³ మోల్ ఆమ్లం ఖర్చవుతుంది. 0.2 మోలార్ బఫర్ అయితే తట్టుకుంటుంది అనుకుంటున్నా.

అవక్షేపం

పద్ధతి, అంకెలు రెండూ కరెక్ట్. ఆ రెండో పేరా రాసినందుకు చాలా సంతోషంగా ఉంది.

ఒక అడుగు ముందుకెళ్దాం. బఫర్ లేకుండా ఉత్త 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకోండి. మొదట్లో దాని పీహెచ్ కూడా 2. ఫ్లోరైడ్ హైడ్రోజన్ అయాన్‌ని తినేస్తుంటే పీహెచ్ 2.10కి పెరుగుతుంది, ద్రావణీయత 1.16 × 10⁻³ దగ్గర ఆగుతుంది. ఇక్కడ తేడా స్వల్పమే, ఎందుకంటే ఖర్చయ్యేది ఉన్నదాంట్లో అయిదో వంతు. అదే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ లెక్కలో బఫర్ మొత్తాన్ని మించి ఖర్చు కావాల్సి వచ్చింది.

ల్యాబ్_కోటు

దీన్ని ల్యాబ్‌లో చేసి చూడాలనుకుంటే ఫాస్ఫారిక్ ఆమ్లం, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ బఫర్ సరిపోతుంది, మొదటి పీకేఏ 2.15. పీహెచ్ 2 దగ్గర కాల్షియం ఫాస్ఫేట్ దిగుతుందనే భయం ఉండదు, మూడు ఆవేశాల ఫాస్ఫేట్ అక్కడ లేనట్టే. గాజు బీకరు బదులు ప్లాస్టిక్‌ది తీసుకోండి, పలచగా ఉన్నా అది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమే. గ్లవ్స్ వేసుకుని, మేడమ్‌కో సార్‌కో చెప్పి, వాళ్లు పక్కనుండగా చేయండి.